చిల్లు జేబులు

సాయంత్రం ఇంటికి రాగానే కోచ్ చేసే మొదటి పని కోటు విప్పి భార్య చేతికివ్వడం. ఆవిడ దాన్ని రెండు చేతులా బాల్కనీలోకి మోసుకెళ్ళి, బకెట్ మీద తలకిందులుగా పట్టుకుని దులుపుతుంది. రాళ్ళు బడబడా రాలతాయి. తర్వాత ప్యాంటు జేబులు. ఆ తర్వాతే టీ. ఒకసారి మర్చిపోయి ప్యాంటు అలాగే వాషింగ్ మెషీన్‌లో వేస్తే లోపలి డ్రమ్ము చీలిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, "కోచ్‌గారి ఇల్లా? ముందే చెప్పొద్దూ!" అని విసుక్కుని, బాగు చేసి, పోతూ పోతూ గుమ్మం దగ్గర కోచ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఈసారైనా కప్పు తెండి సార్."

కోచ్ జేబులో టక్కుమని ఇంకోటి పడింది.

ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఎవరొచ్చినా ఇంతే. అడిగినవాళ్ళ ఆశ రాయై కోచ్ జేబులో పడుతుంది. అదేదో వింతని ఎవరూ అనుకోరు. వానాకాలం వస్తోందంటే గొడుగు వెతుక్కున్నట్టు, కొత్త కోచ్ భార్య ఊళ్ళోకి దిగగానే బకెట్లు కొనుక్కుంటుంది. షాపువాడు కూడా గట్టివి చూసి ఇస్తాడు. గొంతు చించుకుని అరిచేవాడి రాయి శనగగింజంత ఉంటుంది, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. మర్యాదస్తులతోనే చచ్చే చావు. "తొందరేం లేదు సార్, అంతా కొత్త కుర్రాళ్ళు కదా, నిదానంగా కానివ్వండి, కానీ…" అని నసుగుతారే, ఆ 'కానీ' దగ్గర పడే రాయి కోడిగుడ్డంత ఉంటుంది.

జట్టు అంతకుముందు ఏడాది అట్టడుగున మిగిలింది. వయసు మీరిన ఆటగాళ్ళని సాగనంపారు. ఊరంతా నెత్తిన పెట్టుకున్న పాత కెప్టెన్ని కూడా దండేసి పంపించేశారు. మిగిలింది మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళు, తన నీడని చూసి ఉలిక్కిపడే ఒక బక్క గోల్‌కీపరు. "అంతా మొదట్నుంచి కట్టుకు రావాలి. మూడేళ్ళు పడుతుంది" అని కోచ్ మొదటి రోజే మీటింగ్ పెట్టి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "మూడేళ్ళేం ఖర్మ, నాలుగేళ్ళు తీసుకోండి సార్" అన్నారు. అన్నారు గానీ, మీటింగ్ అయ్యాక కోచ్ కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సి వచ్చింది.

పాపం, అతనికి ఈ రాళ్ళ సంగతి కొత్త. ఇన్నేళ్ళూ ఊరూరా అసిస్టెంట్ కోచ్‌గానే చేశాడు. అసిస్టెంటుని ఎవరూ ఏమీ అడగరు. పెద్ద కోచ్‌ని తీసేసినప్పుడల్లా అతనితోపాటు బయటికి నెడతారు, అంతే. అలా నెట్టినప్పుడల్లా ఇల్లు సర్దడం అతని భార్య పని. ఆవిడ బట్టలు కుడుతుంది. ప్రతి ఊళ్ళోనూ కిటికీ పక్కన మిషను వేసుకుని, నాలుగిళ్ళ కొలతలు చేతికొచ్చేసరికి మళ్ళీ అట్టపెట్టెలు సర్దాలి. అందుకే ఆ పెట్టెల్ని పారెయ్యకుండా మడిచి మంచం కింద దాస్తుంది. ఈ ఇంట్లో గోడకి ఒక్క మేకు కొట్టలేదు. ముందు గది తలుపు గాలొస్తే చాలు ధడేల్మని కొట్టుకుంటుంది, దానికి అడ్డం పెట్టే చెక్కముక్క కూడా కొనలేదు.

"ఎన్నాళ్ళుంటామో ఏమో, ఎందుకు లెండి" అంటుంది.

ఇది నిజానికి ఆవిడ పుట్టి పెరిగిన ఊరు. తండ్రి ఇక్కడే బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు వీళ్ళతోనే ఉంటున్నాడు. మొదటి రోజు కోచ్ గ్రౌండుకి బయల్దేరుతుంటే ఆవిడ కోటు బొత్తాలు పెడుతూ ఏదో అనబోయి, అనీ అనకుండా ఊరుకుంది. ఆ రోజు నుంచీ కోటు ఎడమవైపు కొంచెం కిందికి లాగుతూనే ఉంది. పాత కోటు కదా, సాగిపోయిందనుకున్నాడతను.

మామగారి సంగతి వేరు. ఆ జట్టు ఆడిన ప్రతి మ్యాచీ చూసినవాడు. గ్యాలరీలో పై వరసలో, స్తంభం పక్కన సీటు ఆయనది. అల్లుడే కోచ్‌గా వచ్చాడు కాబట్టి, ఇంక భోజనాల దగ్గర ఆయన తనని నంజుకు తింటాడని కోచ్ భయపడ్డాడు. ఆయన నోరు మెదిపితే ఒట్టు. మ్యాచ్ అయ్యాక ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవాళ్ళు. ఊళ్ళో కోచ్ పక్కన నడిచినా జేబులో ఏమీ పడని మనిషి ఆయనొక్కడే. ఒకరోజు ఉండబట్టలేక కోచే అడిగాడు.

"మామయ్యగారూ, మీకు గెలవాలని లేదా?"

"ఆశ వదిలేసి చాలా ఏళ్ళయింది బాబూ. అలవాటు ఉండిపోయింది, వస్తున్నాను" అన్నాడాయన.

ఆ మాటకి కోచ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. హాయిగా కూడా అనిపించింది.

సీజను మొదలైంది. ఓడారు. మళ్ళీ ఓడారు. ఒకటి డ్రా అయింది. ఆ రోజు కోటు రెండుసార్లు దులపాల్సి వచ్చింది, ఎందుకంటే ఆశ కాస్త లేచి కూర్చుంటే రాళ్ళు ఇంకా పెద్దవవుతాయి. పాల బూత్ ఆవిడ ప్యాకెట్లు ఇస్తూ అడిగేది. సెలూన్ అతను మెడ మీద కత్తి పెట్టి మరీ అడిగేవాడు. పళ్ళ డాక్టరు నోట్లో అద్దం పెట్టి అడిగితే, కోచ్ "ఆఁ ఆఁ" అనడం తప్ప ఏం చేస్తాడు! బాల్కనీలో బకెట్లు నిండి, గచ్చు పగుళ్ళిచ్చింది. కింద ఇంటి ఓనరు కేకలేస్తూ పైకొచ్చాడు, పగుళ్ళు చూసి తల పట్టుకున్నాడు, ఆనక గొంతు తగ్గించి, "ఆదివారం మాత్రం వదలకండి సార్" అన్నాడు.

రాళ్ళకి ఇంకో గుణం ఉంది. జట్టు వెనకబడ్డప్పుడు అవి ఉన్నపళంగా బరువెక్కుతాయి. ఇంట్లో నుంచి జేబులు ఖాళీ చేసుకునే వెళ్ళినా, గ్రౌండు గేటు నుంచి బెంచీ దాకా నడిచేలోపు మళ్ళీ నిండిపోయేవి. ఒక మ్యాచ్‌లో గోల్ పడింది. కోచ్ బెంచీ మీదనుంచి లేవబోయాడు. లేవలేకపోయాడు. కుడివైపు ఆడుతున్న కుర్రాడు కాలు ఈడుస్తున్నాడు, వాణ్ణి మార్చాలి. నోరు తెరిచి అరిస్తే ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? అలా చూస్తుండగానే అదే పక్కనుంచి రెండో గోలూ పడింది.

రెండో గోల్ పడిందంటే ఆ ఊరి జనం సీట్లలోంచి లేచేస్తారు. అదక్కడి పద్ధతి. అరవరు, తిట్టరు. సీటు కింద సంచీ తీసుకుని, దుమ్ము దులుపుకుని, వరసలు వరసలుగా మెట్లు దిగి వెళ్ళిపోతారు. విజిల్ వేసేసరికి గ్యాలరీలో మామగారొక్కడే మిగులుతాడు.

క్లబ్బు ప్రెసిడెంటుకి టైల్స్ వ్యాపారం. ఆట గురించి ఓనమాలు కూడా తెలీవు, ఆ సంగతి దాచుకోడు. మైదానానికి వీపు పెట్టి, గ్యాలరీ వైపు తిరిగి కూర్చుంటాడు. "నాకు జనం తెలుసండీ. విజిల్ కన్నా ముందు గ్యాలరీ ఖాళీ అయ్యిందంటే కోచ్ పనికిరాడని లెక్క" అంటాడు. కిందటేడు అలా సీజను మధ్యలోనే ముగ్గుర్ని మార్చి నవ్వులపాలయ్యాడు. అందుకని ఈసారి ఒట్టేసుకున్నాడు.

"మధ్యలో మార్చను. చివరి మ్యాచ్ మన గ్రౌండులోనే. ఆ రోజు చూస్తాను. జనం కూర్చున్నారా, మీరుంటారు. లేచారా, మీరూ లేవాల్సిందే" అని కోచ్‌కి మొహం మీదే చెప్పేశాడు.

ఆ సాయంత్రం కోచ్ ఆ మాట ఇంట్లో చెప్పాడు. భార్య విని, మిషను దగ్గరికెళ్ళి కూర్చుంది. కుట్టలేదు. కాసేపాగి మంచం కిందికి వంగి చూసింది, పెట్టెలు చెద పట్టాయేమోనని. బడికెళ్ళే కూతురు మాత్రం ఊరుకోలేదు.

"మళ్ళీ బడి మారాలా? నేను రాను. తాతయ్య దగ్గరే ఉంటా" అని మొండికేసింది.

"పడుకో ముందు" అని కసిరింది తల్లి. కసిరాక ఆవిడకే బాధేసింది.

మర్నాడు ఆవిడ సూదీ దారం తీసుకుని కోటుకీ ప్యాంట్లకీ జేబులన్నీ కుట్టేసింది. మూతులు బిగించి, ఇంక గాలి కూడా దూరకుండా.

"ఎక్కడ పడతాయో చూస్తాను" అంది.

కోచ్ ఆ రోజు తేలిగ్గా గ్రౌండుకి నడిచాడు. పాల బూత్ ఆవిడ అడిగింది, ఏమీ పడలేదు. సెలూన్ అతను అడిగాడు, పడలేదు. ఇన్నాళ్ళకి గాలి పీల్చుకున్నట్టయింది. సాయంత్రం నవ్వుతూ ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో కూతురి బడి సంచీ పట్టుకుని నిలబడి ఉంది. సంచీ పట్టీ తెగిపోయింది. పుస్తకాల మధ్య రాళ్ళు.

"మోసుకొచ్చిందండీ. దారంతా. భుజం కమిలిపోయింది చూడండి" అంది.

ఆవిడ చేతిసంచీలోనూ ఉన్నాయి. కొలతల టేపు పెట్టుకునే డబ్బాలోనూ ఉన్నాయి. మామగారి కళ్ళజోడు పెట్టె మూత పడటం లేదు. కోచ్ మొహంలో నవ్వు ఆరిపోయింది. బ్లేడు తెచ్చి, కూర్చుని, తనే జేబుల కుట్లు విప్పబోయాడు. చేతకాక వేలు కోసుకున్నాడు.

"ఇటివ్వండి, మీకు రాదు" అని లాక్కుంది భార్య.

కుట్లు విప్పింది. విప్పుతూ విప్పుతూ మధ్యలో ఆగింది. రెండు జేబులూ బయటికి లాగి, తిప్పి, అడుగు వైపు చూసింది. తర్వాత కత్తెర తీసుకుని జేబు అడుగు అడ్డంగా కత్తిరించేసింది. ఒకటి కాదు, అన్ని జేబులూ. కోటు లోపలి గుడ్డ కూడా అంచు వెంబడి విప్పేసింది. ఎడమ అంచు మూల మాత్రం ముట్టుకోలేదు.

"ఇదేం పనే! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"జేబుల్లో పడనివ్వండి. వాళ్ళ మాట వాళ్ళది, అడగొద్దని ఎలా అంటాం? అక్కడే ఉండిపోకుండా ఉంటే చాలు" అంది, దారం పంటితో తెంపుతూ.

మర్నాటి నుంచీ అదే తంతు. పాల బూత్ ఆవిడ, "ఈ ఆదివారం ఏమంటారు?" అంది. టక్కుమని జేబులో పడ్డ రాయి, ప్యాంటు కాలులోంచి జర్రున జారి, బూటు పక్కన రోడ్డు మీద పడింది. కోచ్ "చూద్దామండీ" అని పాల ప్యాకెట్లు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ వంగి రాయి చూసింది. గుమ్మం ముందు ఎన్ని చెప్పులున్నా ఎవరివి వాళ్ళకి తెలిసిపోతాయి కదా, అలాగే తన రాయి తనకి తెలిసిపోయింది. నడిరోడ్డు మీద, పోయే వచ్చే వాళ్ళ కాళ్ళ కింద తన ఆశ అలా పడుంటే ప్రాణం ఒప్పలేదు. తీసి చీర కొంగున కట్టుకుంది. దిమ్మెరపోయింది. ఇంత బరువా!

సెలూన్ అతనికి కుర్చీ కింద దొరికింది. జుట్టుతోపాటు ఊడ్చేద్దామని చీపురు ఎత్తి, ఊడ్వలేకపోయాడు. పళ్ళ డాక్టరుకి సింకు పక్కన, ఇంటి ఓనరుకి మెట్ల మీద. ఆ నాలుగు వారాలూ మ్యాచ్‌లన్నీ పై ఊళ్ళలోనే, ఈలోపు ఊళ్ళో అందరి జేబులూ ఉబ్బిపోయాయి. పారేద్దామంటే మనసు రాదు. తిరిగి ఇచ్చేద్దామంటే మళ్ళీ అడగాలి, అడిగితే ఇంకోటి కాళ్ళ దగ్గర పడుతుంది. "చివరి మ్యాచ్ రోజు గేటు దగ్గర పట్టుకుని ఎవరివి వాళ్ళం ఆయన చేతిలోనే పెట్టేద్దాం" అని సెలూన్‌లో తీర్మానించుకున్నారు.

ఆ రోజు రానే వచ్చింది. ఊరంతా గేటు దగ్గర కాపు కాసింది. కానీ కోచ్‌కి తెల్లారకుండానే మెలకువ వచ్చి, ఇంట్లో కూర్చోలేక, కుర్రాళ్ళ కన్నా ముందే గ్రౌండుకి వెళ్ళిపోయాడు. వీళ్ళు ఎండలో నిలబడీ నిలబడీ, ఆట మొదలయ్యే వేళకి తిట్టుకుంటూ, జేబుల్లో రాళ్ళతోనే మెట్లెక్కి కూర్చున్నారు. కోచ్ భార్య ఎప్పుడూ మ్యాచ్‌లకి వెళ్ళదు. ఆ రోజూ వెళ్ళలేదు. మిషను మీద గుడ్డ కప్పి, మంచం కింద పెట్టెలు బయటికి లాగి, ఒక్కొక్కటే నిలబెట్టి అడుగున టేపు అంటించింది.

ఆట మొదలైన కాసేపటికే బక్క గోల్‌కీపరు చేతుల్లోంచి బంతి జారింది. ఒకటి. విరామానికి ముందు రెండోది. ప్రెసిడెంటు కుర్చీ సర్దుకుని గ్యాలరీ వైపు చూశాడు. అలవాటు ప్రకారం జనం సీట్ల కింద సంచీలు అందుకున్నారు. లేవబోయారు.

లేవలేకపోయారు.

ఇంటి ఓనరు సీటు చేతులు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు, కదల్లేదు. సెలూన్ అతను పక్కవాడి భుజం పట్టుకుని లేవబోయి, పక్కవాణ్ణీ కిందికి లాగాడు. పాల బూత్ ఆవిడ కొంగు నేలకి అంటుకుపోయింది. "రెండు గోల్స్‌కే ఇంత బరువైతే, పాపం ఆయన ఊరందరివీ ఎలా మోశాడమ్మా!" అంది పైకే. అందరూ అలాగే కూలబడి, వేరే దారి లేక, మైదానం వైపు చూశారు. ఓడిపోతున్న తమ జట్టు రెండో సగం ఎలా ఆడుతుందో ఆ ఊళ్ళో మామగారు తప్ప ఎవరూ చూసి ఎరగరు.

కోచ్ బెంచీ మీదనుంచి లేచాడు. చిటికెలో లేచాడు. గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తాడు. అలిసిపోయిన కుర్రాణ్ణి బయటికి పిలిచి, ఒక పొట్టివాణ్ణి లోపలికి పంపించాడు. ఆ పొట్టివాడు మొదట కింద పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. లేచి, ఎడమ పక్కనుంచి ఇద్దర్ని తప్పించుకుని బంతిని మధ్యకి కొట్టాడు. ఎవరి మోకాలికి తగిలిందో ఏమో, గోల్ అయింది. పెద్ద అందమైన గోలేం కాదు. తర్వాత ఇంకోటి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. గ్యాలరీ మొత్తం "అయ్యో" అంది. విజిల్ పడింది. రెండు ఒకటితో ఓడిపోయారు.

మామగారు అలవాటుగా లేచి, అలవాటుగా చుట్టూ చూసి, నివ్వెరపోయాడు.

"ఏంటర్రా ఇవాళ, అందరూ ఇక్కడే ఉన్నారు?"

"లేవలేకపోయాం బాబాయ్" అన్నాడు సెలూన్ అతను, మోకాళ్ళు రుద్దుకుంటూ. "ఆ పొట్టివాడు ఎవరు?" అని అడిగాడు.

ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి కోచ్ దగ్గరికొచ్చాడు. ఆయన మొహంలో అయోమయం. "మొహాలు వేలాడేసుకున్నారండీ. కానీ ఒక్కడూ లేవలేదు. ఇరవయ్యేళ్ళలో నేనిది చూళ్ళేదు. వచ్చే ఏడూ మీరే కానివ్వండి" అని చెయ్యి కలిపాడు. కోచ్‌కి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. తల ఊపాడు, అంతే. అంత అలసటలో సంతోషం కూడా నిదానంగానే వస్తుంది.

మామా అల్లుళ్ళు నడిచి ఇంటికి బయల్దేరారు. సగం దారిలో పెద్దాయన, "మొదట్నుంచీ ఆ పొట్టివాణ్ణే దించితే వచ్చే ఏడు మనం…" అన్నాడు.

టక్కుమంది. జర్రున జారి రోడ్డు మీద పడింది. ఇద్దరూ ఆగి చూశారు. శనగగింజంత ఉంది. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. వంగి తీసి కళ్ళజోడు పెట్టెలో వేసుకున్నాడు.

"అమ్మాయితో అనకండి" అన్నాడు.

ఇంట్లో అట్టపెట్టెలు గది నిండా నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. కోచ్ వాటి మధ్యనుంచి నడిచి, ఎప్పట్లాగే కోటు విప్పి భార్య చేతికిచ్చాడు.

"ఉండమన్నారు" అన్నాడు.

ఆవిడ కోటు బాల్కనీలోకి తీసుకెళ్ళి దులిపింది. ఏమీ రాలలేదు. అయినా ఎడమవైపు కిందికి లాగుతూనే ఉంది. ఆవిడ గడప మీద కూర్చుని, చిన్న కత్తెర తీసి, ఎడమ అంచు మూల కుట్లు ఒక్కొక్కటే తెంపింది. సన్నటి కుట్లు, ఎవరికీ కనపడకుండా వేసినవి. లోపలి నుంచి గుప్పెడంత రాయి జారి ఆవిడ ఒళ్ళో పడింది. బకెట్లలో అంత పెద్దది కోచ్ ఎప్పుడూ చూళ్ళేదు.

"ఇదెవరిది?"

"నాది. మొదటి రోజుది."

అతను పక్కన కూర్చున్నాడు. "ఒక్క మాటైనా చెప్పలేదే?"

"ఊరంతా అడుగుతున్నారు కదండీ. మళ్ళీ నేను కూడా ఎందుకని" అంది. అని, అప్పుడు ఏడ్చింది.

గాలికి ముందు గది తలుపు ధడేల్మంది. ఆవిడ ముక్కు తుడుచుకుని లేచి, తలుపు బార్లా తెరిచి, రాయి దానికి అడ్డం పెట్టింది. కాలితో నెట్టి చూసింది. తలుపు కదల్లేదు.

"ఆ పెట్టెలు కిందికి పట్టుకెళ్ళి కిరాణా కొట్లో ఇచ్చేసి రండి. ఇల్లంతా ఇరుగ్గా ఉంది" అంది.